దర్శనం చేయించే అకౌంటెంటు

మీ అబ్బాయి పెద్ద అకౌంటెంటు కావాలని ఉందా? అయితే వాణ్ణి బి.కాం. చదివించకండి. తిరుపతిలో కనండి!

నవ్వకండి. నేను థర్డుఫారంతో చదువు ఆపేసిన దాన్ని. తెలియని సంగతి చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ మాటకొస్తే నాకు ఏ ధైర్యమూ లేదు. బస్సెక్కితే బోల్తా పడుతుందనీ, స్టవ్ ముట్టిస్తే పేలుతుందనీ, పోస్టుమ్యాన్ సైకిలు బెల్లు మోగితే అది టెలిగ్రామేననీ వణికే మనిషిని. అలాంటిదాన్ని అచ్చులో ఇంత గట్టిగా చెబుతున్నానంటే, పదేళ్ళ అనుభవం ఉండబట్టే చెబుతున్నాను.

మా వాడి పేరు సారంగపాణి. ఫస్టుక్లాసు బి.కాం. వాళ్ళ నాయన హైస్కూల్లో లెక్కల అయ్యవారు. చిన్నప్పుడు వీడికి జోలపాట బదులు ఎక్కాలు వినిపించాడు. వీడు పద్దులో పైసా తేడా వస్తే అన్నం ముట్టడు. ఇంత చదువూ ఇంత నిష్ఠా ఏమయ్యాయంటారా? పదేళ్ళలో నాలుగు కొలువులు చేశాడు, నలుగురు యజమానుల్లో ఒక్కరికీ వాటి అక్కర రాలేదు!

వాళ్ళకు కావలసినవి రెండే రెండు. వాడు పుట్టిన ఊరు తిరుపతి. వాడి మేనమామకు ఉద్యోగం కొండమీద. ఈ రెండు అర్హతల కోసం మా వాడు ఒక్క పరీక్ష రాయలేదు, ఒక్క రూపాయి ఫీజు కట్టలేదు. ఇంతకంటే చవక చదువు ప్రపంచంలో ఎక్కడైనా ఉందా?

మా ఊరివాళ్ళు కొందరున్నారు. ఎవరో ఒకరు వచ్చి దర్శనం చేయించమని ప్రాణాలు తోడేస్తున్నారని మూలుగుతుంటారు. కృతఘ్నులు! ఆ అడిగేవాళ్ళే లేకపోతే తిరుపతి కుర్రాళ్ళకు ఉద్యోగాలు ఎవరిస్తారు? 

ముందుగా ఆ మేనమామ సంగతి చెప్పాలి. నా తమ్ముడు సుదర్శనం. కొండమీద ఉగ్రాణంలో పప్పూ బియ్యం కొలిచి ఇచ్చే పని. వాడి మాట వినేవి తూకపు రాళ్ళు మాత్రమే. ఒక్క మనిషిని ఒక్క అడుగు ముందుకు పంపలేడు, పంపడు కూడా. వాడు చేయగలిగినదల్లా వచ్చినవాళ్ళ చెప్పులూ సంచులూ తన గదిలో పెట్టుకోవడం, ఫలానా పూట జనం పలచగా ఉంటారని చెప్పడం. మిగతాదంతా మా సారంగం కాళ్ళ చలవ. వాడు తెల్లవారకముందే పోయి లైన్లో నిలబడతాడు. యజమాని తాలూకు వాళ్ళు స్నానాలు చేసి, టిఫిన్లు తిని, తీరుబడిగా వచ్చి వాడి ముందు చేరతారు. చిత్తూరు జిల్లా అంతా మెచ్చుకునే మా వాడి పలుకుబడి వాడి మోకాళ్ళలో ఉంది!

మొదటి కొలువు చిత్తూరులో బెల్లం మండీ. ఇంటర్వ్యూకి నేనూ వెంట పోయాను. ఒంటరిగా పంపితే బస్సు ఏ చింతచెట్టుకు గుద్దుకుంటుందో ఎవరికి తెలుసు? నేనుంటే గుద్దుకోదని కాదు. గుద్దుకున్నప్పుడు పక్కన నేనుండాలి కదా!

యజమాని బి.కాం. పట్టా తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఎండాకాలం కాబట్టి దానితో విసురుకున్నాడు. విశ్వవిద్యాలయం ఇచ్చిన కాగితం గట్టిదే, గాలి బాగానే వచ్చింది.

"గుమాస్తా ఉండనే ఉండాడమ్మా. ఇంకొకడిని పెట్టుకోని ఏం జేసుకునేది?" అన్నాడు.

ఇక లేద్దామనుకుంటున్నాం. మాటల మధ్య ఎలా దొర్లిందో, కొండ మాట దొర్లింది. ఆయన విసురుకోవడం ఆపాడు.

"మేనమామ కొండమీదనే ఉండాడా! ఆ మాట ముందు సెప్పకూడదా అమ్మా? ఎవర్రా ఆడ, అయ్యకు కుర్చీ ఎయ్యండి!"

కుర్చీ వచ్చింది. ఉద్యోగం వచ్చింది. ఆ శుక్రవారానికల్లా యజమాని వియ్యపురాలు, ఆమె తోడికోడళ్ళు, వాళ్ళ పిల్లలు, పిల్లలను ఎత్తుకునే మనిషి, అందరూ కలిసి పద్నాలుగు మంది మా రెండు గదుల ఇంటికి వచ్చారు. మా ఇంట్లో ఉన్నది ఒక కొళాయి. అది కూడా పొద్దున ఒక గంట వస్తుంది. ఆ గంటలో పద్నాలుగు స్నానాలు ఎలా చేయించాలో ఏ కాలేజీలోనూ నేర్పరు. నేను నేర్చుకున్నాను. దీన్ని చదువు అనరా?

డెబిట్టు ఎటు రాస్తావు, క్రెడిట్టు ఎటు రాస్తావు అని ఆ మండీలో మూడేళ్ళూ ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. పని రోజులన్నీ కొండకు పోతే లెక్కలు ఎప్పుడు రాసేవాడు అంటారా? ఆదివారాలున్నాయి కదా! దేవుడు ఆదివారాన్ని ఎందుకు పుట్టించాడనుకున్నారు?

ఇక ఉద్యోగం మారడం. మీ పిల్లలు ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీలో పేరు రాయించుకుని, చెప్పులరగదీసుకుని తిరుగుతున్నారు. మావాడు ఒక్క అప్లికేషన్ పెట్టలేదు. వాడి ఎక్స్ఛేంజీ క్యూలైనే! బెల్లం వాళ్ళ కోసం నిలబడి ఉంటే, ఆ వెనకే నిలబడిన నగరి మగ్గాల యజమానికి మా వాడి సంగతి తెలిసింది. "వాళ్ళెంత ఇస్తారప్పా? నేను ముప్పై ఎక్కువిస్తా" అన్నాడు. దేవుడి గడప ఇంకా పదిగజాల దూరం ఉంది. లోపలికి పోయేటప్పుడు మా వాడు బెల్లం అకౌంటెంటు, బయటికి వచ్చేటప్పటికి చీరల అకౌంటెంటు!

నగరి వాళ్ళు మర్యాదస్తులు. వచ్చినప్పుడల్లా మగ్గం మీద మిగిలిపోయిన గళ్ళగుడ్డ ముక్కలు తెచ్చేవాళ్ళు. మా కిటికీ పరదాలు, దిండు గలీబులు, మా ఆయన లుంగీ, నా కోడలు కల్యాణవల్లి రవికె, అన్నీ ఒకే గళ్ళు. ఇంట్లో అందరం గోడవారగా నిలబడితే ఎవరెక్కడ మొదలై ఎక్కడ అయిపోయారో తెలిసేది కాదు.

ఆ తరువాత కోళ్ళ ఫారం. అవును, వెల్లుల్లి కూడా ముట్టని వైష్ణవుల ఇంటి పిల్లవాడు గుడ్లు లెక్కపెట్టాడు. ఆ యజమానికి దేవుడంటే నమ్మకం లేదు. హమ్మయ్య, ఇక్కడైనా లెక్కలు రాస్తాడనుకున్నారా? ఆయన భార్యకు నమ్మకం ఉందని త్వరలోనే తెలిసింది. ఆమెకు అక్కచెల్లెళ్ళు ఆరుగురు. ఒక మార్చి ఆఖరున మావాడు మూడు రాత్రులు కూర్చుని సంవత్సరం లెక్కంతా తేల్చి, నయాపైసా తేడా లేకుండా బ్యాలెన్సుషీటు పట్టుకెళ్ళాడు. ఆయన దాన్ని తెరవనైనా తెరవలేదు. "సరేలే పెట్టు. మా రెండో వదినకు మంగళారం కుదురుతాదా?" అన్నాడు.

వాడు ఆ పూట అన్నం తినలేదు. తేడా లేకుండా కుదిరిన రోజు కూడా వాడు తినకపోవడం అదే మొదలు.

ఇప్పుడు ఉన్నది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. యజమాని రాజారత్నం. సీజన్లో మా వాడి చొక్కా విప్పితే ఈగలు ముందు దానికే దండం పెడతాయి. మంచి జీతం. అంతకంటే మంచి బంధుబలగం. మద్రాసు దాకా ఉన్నారు!

ఇలా వాడు దగ్గరుండి ఎన్ని దర్శనాలు చేయించాడో లెక్కలేదు. కానీ గుండ్లకు లెక్క ఉంది. యజమానుల మనవళ్ళవీ మనవరాళ్ళవీ, పుట్టువెంట్రుకలు తీయించినవి, పదకొండు. బుడ్డోడు గుక్కపట్టి ఏడుస్తుంటే తల కదలకుండా పట్టుకోవడంలో మా వాణ్ణి మించినవాడు లేడు. జిల్లాలో ఎక్కడైనా నున్నటి గుండు కనిపించిందంటే అందులో మా సారంగం చేయి ఉండే ఉంటుంది.

మరి వాడి సొంత కూతురి వెంట్రుకలు?

అవి మాత్రం తీయలేదు. మొన్నటి దాకా.

మనవరాలి పేరు పెరుందేవి. ఎనిమిదో నెలలో దానికి జ్వరం నెత్తికెక్కి ఫిట్సు వచ్చింది. కళ్ళు తేలేసిన ఆ పసికందును ఒళ్ళో పెట్టుకుని నేను కొండవైపు తిరిగి అరిచాను, బతికిస్తే పుట్టువెంట్రుకలు నీకే స్వామీ అని. బతికింది. బతికిన నాటి నుంచి నాకు నిద్ర లేదు. అది తుమ్మితే ఉలిక్కిపడతాను. ఒళ్ళు గోరువెచ్చగా ఉంటే చాలు, స్వామి గుర్తు చేస్తున్నాడని వణుకు. మొక్కు చెల్లించనివాళ్ళ పిల్లల గతి ఏమవుతుందో నా నోటితో చెప్పించకండి.

మా ఇళ్ళలో పుట్టువెంట్రుకలు బేసి ఏడులోనే తీయాలి. ఒకటో ఏడు ముహూర్తం పెట్టుకున్నాం, నగరి యజమాని పెద్దమ్మ దిగింది. మావాడు ఆమెతో పోయాడు. తండ్రి ఒళ్ళో కూర్చోబెట్టుకోనిదే గుండు ఎలా చేయిస్తాం? మూడో ఏడు కోళ్ళవారి వదినలు. ఇప్పుడు అయిదో ఏడు, అది కూడా ఆషాఢంతో అయిపోతుంది. పిల్ల జుట్టు కత్తెర ఎరగదు. కళ్ళమీద పడి, నడుము మీదికి దిగి, బళ్ళో టీచరమ్మ రోజూ చీటీ రాసి పంపుతుంది. అద్దం ముందు జడ తిప్పుకోవడం నేర్చింది కూడా. ఏడో ఏటికి ఆగితే అది ఒప్పుకుంటుందా?

"జడలు నాయి. నేనియ్యను. కావాలంటే అవ్వ జుట్టు ఇచ్చుకోండి" అంటోంది ఇప్పటికే!

మా వాడు పోయి లీవు అడిగాడు. ఒక్కరోజు.

"సీజన్లో లీవా? తిరుపతోడివి, నీకేమప్పా కొండకు తొందర? ఎప్పుడైనా పోవచ్చు" అన్నాడు రాజారత్నం. నిజమే కదా! మద్రాసు వాళ్ళంటే దూరం నుంచి రావాలి.

అప్పుడు నేనే ఉపాయం ఆలోచించాను. కార్డు ముక్క తీసుకుని, "మా అబ్బాయికి గవదబిళ్ళలు లేచినవి. రెండు దవడలూ వాచినవి. అంటుజాడ్యమైనందున ఎవరూ చూడ రావద్దు" అని నా చేతిరాతతో రాసి రాజారత్నానికి పోస్టు చేశాను. వాడి మూతికి తుండుగుడ్డ కట్టి, నడినెత్తిన ముడివేశాను. నలుగురం కొండకు బస్సెక్కాం. మా ఆయన ఇంటికి కాపలా ఉన్నాడు.

చూశారా మా తెలివి! చిత్తూరు జిల్లాలో యజమానుల కంట పడకుండా దాక్కోవాలంటే అడవులున్నాయి, గుట్టలున్నాయి, బావులున్నాయి. మేము పోయి పోయి కొండమీదికే పోయాం!

ఘాట్‌రోడ్డులో ప్రతి మలుపుకూ నేను ఒక గోవింద కొట్టాను. బస్సు పడలేదు. కల్యాణకట్టలో మా వంతు వచ్చింది. తుండుగుడ్డ కట్టుకున్న సారంగం కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, జడలు విప్పి, తల తడిపాడు. పదకొండు తలలు పట్టిన చేతుల్లో ఇది పన్నెండోది, సొంతది. పిల్ల ముక్కు ఎగబీల్చింది కానీ ఏడవలేదు. కత్తి పట్టినాయన రాయిమీద పదును చూసుకుంటున్నాడు.

అప్పుడు చూశాను. పదిబారల దూరంలో రాజారత్నం భార్య సుబ్బులమ్మ! చుట్టూ అయిదుగురు ఆడవాళ్ళు, చేతుల్లో మద్రాసు సంచులు. ఎటు పోవాలో తెలియక అటూ ఇటూ చూస్తున్నారు.

మా వాడి వీపు అటుంది. వాళ్ళు మమ్మల్ని చూడలేదు. పది నిమిషాలు కళ్ళు నేలకు దించుకుని కూర్చుంటే చాలు.

నా కోడలు కూడా చూసింది. నా కొంగు గట్టిగా పట్టుకుంది. "అత్తా, వద్దు. వాళ్ళు మనల్ని సూళ్ళేదు. మీరు ఇట్లనే కూసోండి" అంది.

కూర్చోవచ్చు. కానీ వాళ్ళే ముందు చూస్తే? గవదబిళ్ళలవాడు గుండు కొట్టిస్తున్నాడని ఊరికి పోయి చెబితే? ఉద్యోగం పోతే? అబద్ధాలకోరని నాలుగు ఊళ్ళకూ తెలిస్తే? ఇంకెవరూ ఇవ్వకపోతే? అద్దె? బడి? పిల్లకు మళ్ళీ జ్వరం వస్తే డాక్టరు? నా మనసు లోయలోకి పడుతున్న బస్సులా దొర్లుకుంటూ పోయింది. కొంగు విడిపించుకున్నాను.

"అమ్మా, రాండి రాండి! మీరొస్తారని తెలిసే మావాడు గవదలని గూడా లెక్కజేయకుండా ముందే వచ్చి కాసుకోనుండాడు!"

సుబ్బులమ్మ నోరు తెరిచింది. "అయ్యో వకుళమ్మా! మాకు తెలియనే తెలియదే. ఒంట్లో బాగలేదన్నారు గదా అని మేమే మామూలు లైన్లో పోదామని వచ్చినాం. ఎందుకమ్మా శ్రమ? దోవ సూపిస్తే సాలు, మేం పోతాం."

వింటున్నారా? పోతామన్నారు! వాళ్ళ కాళ్ళతో వాళ్ళే నిలబడతామన్నారు. పదేళ్ళలో ఒక యజమాని ఇంటివాళ్ళు ఆ మాట అనడం అదే మొదలు.

"శ్రమేముందమ్మా! తోడు లేకుండా మిమ్మల్ని పంపిస్తే ఆయనేమనుకుంటారు?" అని నేను వెనక్కి తిరిగి కేకేశాను. "నాయనా సారంగా! అమ్మగారొచ్చినారు!"

వాడు లేచాడు. పిల్లను తల్లి ఒళ్ళోకి మార్చాడు. నా వైపు చూడలేదు. ఆరు సంచులు భుజాలకు తగిలించుకుని, మూతికి తుండుగుడ్డతో, వాళ్ళ ముందు నడిచాడు.

కత్తి ఆనింది. మొదటి పాయ రాలింది.

"అవ్వా, నాయన యాడికి పోయినాడు?"

"మొక్కు తీర్చేదానికి పోయినాడమ్మా."

"ఎవురి మొక్కు?"

దానికి జవాబు నా కోడలి దగ్గర ఉంది కానీ, అది అత్తగారి ఎదుట అనే మాట కాదు. పిల్ల నున్నటి తల మీద గంధం తనే పూసింది. గిన్నె నా చేతికివ్వలేదు.

సాయంత్రం బస్సులో సారంగం నా పక్కన కూర్చున్నాడు. గవదలు తగ్గినట్టే, ఆ గుడ్డ తీసేయమన్నాను.

"కింద దిగినాక తీస్తాలే. ఇంకా ఎవరుండారో బస్సులో" అన్నాడు. గుడ్డ ముడి బిగించుకుంటూ, "అమ్మా, బెల్లం మండీలో కొండ మాట ఎవరెత్తినారు?" అన్నాడు.

నేను కిటికీలోంచి లోయవైపు చూశాను. మొదటిసారి లోయ వైపు చూడటం తేలికనిపించింది.

"నగరాయన లైన్లో కండ్లు మూసుకోని గోవిందా అంటా ఉంటే భుజం తట్టి, మావాడు బి.కాం. అని సెప్పిందెవరు? కోళ్ళాయనకు దేవుడే వద్దు. ఆయనకు పెండ్లాం ఉండాదని కనుక్కోని, ఇంటికి పోయి ఆమెకు సెప్పొచ్చిందెవరు?"

"నేను సెప్పకుంటే ఉద్యోగం ఎవరిచ్చుండేది నాయనా?"

"ఇచ్చేవాళ్ళు కాదేమో. ఇచ్చుంటే మాత్రం నా లెక్కలు సూసి ఇచ్చుండేవాళ్ళు. నేను లెక్కలు బాగా రాస్తానో లేదో నాకే తెలీదు మా. ఇంతవరకు ఎవరూ సూళ్ళేదు."

వాడు విసురుగా అనలేదు. పద్దు చదివినట్టు చదివాడు. యజమానులను నాలుగు దులుపుదామనే నేను ఈ రాత మొదలుపెట్టాను. అడగకముందే కొండ మాట ఎత్తే అమ్మ ఉంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, పాపం?

ముందు సీట్లో పిల్ల తల్లి భుజం మీద నిద్రపోయింది. గంధం పూసిన ఆ గుండు మలుపు మలుపుకూ అటూ ఇటూ ఒరిగింది.

"చిత్తూరులో ఆడిటరు ఆఫీసులో ఖాళీ ఉండాదంట. సోమవారం రమ్మన్నారు. నేనొక్కడినే పోతా" అన్నాడు సారంగం.

"ఒక్కడివేనా? ఏ ఊరని అడిగితే?"

"కార్వేటినగరం అంటా. ఆడ పాతకాలం రాజుల పడిపోయిన బంగళా తప్ప ఏముండాది? ఏం జేయించమని అడుగుతారు?"

నా ఒట్టు, వాణ్ణి ఒంటరిగా పంపుతానని మాట ఇచ్చాను. ఈసారి బస్సులో వాడి పక్కన కూర్చోను, వెనక సీట్లో కూర్చుంటాను.

కానీ మనసు ఊరుకోదు కదా. ఇల్లు చేరి కాళ్ళు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది, కార్వేటినగరంలో కూడా వేణుగోపాలస్వామి గుడి ఉంది! మా పినతల్లి అల్లుడు శఠగోపం ఆ గుడి వీధిలోనే ఉంటాడు.

ఆ ఆడిటరుగారి భార్యకు దైవభక్తి ఉందో లేదో మీలో ఎవరికైనా తెలిస్తే, సోమవారం లోపల నాకొక కార్డు ముక్క రాయండి. మావాడికి చెప్పకండి.